పాప ఇంకా బోర్లా పడలేదని దిగులా?

ప్రశ్న: మాది గాజువాక. మా పాప నెలన్నర ముందే పుట్టింది, అప్పుడు బరువు 1.9 కిలోలు. ఇప్పుడు అయిదున్నర నెలలు. అదే వారంలో పుట్టిన మా తోటికోడలి బాబు నాలుగో నెలలోనే బోర్లా పడ్డాడు, బొబ్బట్లు చేసి అందరికీ పంచారు. మా పాప ఇంకా పడలేదు. నీ పాలు చాలట్లేదేమో అంటున్నారు అత్తగారు. మావారిది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, ఏం చెప్పినా ‘అన్నీ అవే వస్తాయిలే’ అంటారు. రోజూ నేనే పట్టుకుని బోర్లా తిప్పుతుంటే పాప ఏడుస్తోంది. వాళ్ల నాన్న బండి చప్పుడు వినిపిస్తే పాలు తాగడం ఆపేసి, గుమ్మం వైపు తిరిగి నవ్వుతుంది. అది పడుకున్నా నాకు నిద్ర పట్టదు, ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటాను. పాపకి ఏమైనా లోపం ఉందా?

జవాబు: అమ్మా, ముందు పాప వయసు సరిగ్గా లెక్కేద్దాం. నెలన్నర ముందు పుట్టింది కాబట్టి ఎదుగుదల చూసేటప్పుడు ఆ నెలన్నర తీసెయ్యాలి. అంటే మీ పాపకి నాలుగు నెలలే. డాక్టర్లు దీన్ని కరెక్టెడ్ ఏజ్ అంటారు. రెండేళ్లు నిండేదాకా ఇలాగే చూస్తారు. (టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.) నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే చాలామంది అయిదో నెలలోనో ఆరో నెలలోనో బోర్లా పడతారు. నాలుగు నెలల పిల్ల పడకపోతే అది లోపం కాదు. తోటికోడలి బాబు పుట్టింది అదే వారమైనా, వాడు అమ్మ కడుపులో ఉన్నన్నాళ్లు మీ పాప ఉండలేదు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో పిల్లల్ని గమనించి 2006లో వివరాలు ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే కొందరు నాలుగో నెలకి ఆసరా లేకుండా కూర్చుంటే, కొందరికి తొమ్మిది నెలలు దాటింది. నడక ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది.

ఇక నాన్న బండి సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. రోడ్డు మీద వెళ్లే అన్ని బళ్లలో నాన్న బండిని పోల్చుకుంటోందంటే చెవులు బాగా పనిచేస్తున్నాయి. ఆ చప్పుడు తర్వాత ఎవరొస్తారో గుర్తుంది. వచ్చే మనిషి కోసం గుమ్మం వైపు చూస్తోంది, నవ్వుతోంది. నాలుగు నెలల బిడ్డ నుంచి ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది? నవ్వితే నువ్వులుండలు పంచడం కూడా మన ఆనవాయితీయే. మీ ఇంట్లో పంచారో లేదో రాయలేదు. పంచకపోతే ఈ ఆదివారం చెయ్యండి.

పాపని పట్టుకుని తిప్పడం ఈరోజుతో మానెయ్యండి. పాలు తాగాక కాసేపాగి, హుషారుగా ఉన్నప్పుడు నేల మీద దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టండి. మీరూ ఎదురుగా పడుకుని కబుర్లు చెప్పండి. రెండు మూడు నిమిషాల చొప్పున రోజుకి కొన్నిసార్లు చాలు. ఏడిస్తే ఎత్తుకోండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి. ముందు ముందు ఎవరైనా వాకర్ ఇస్తే తీసుకోకండి. దానితో నడక త్వరగా రాదు, దెబ్బలు తగులుతాయి. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

అయినా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి, ముందుగా పుట్టిన పిల్లలకి ఇది అవసరం. డిశ్చార్జి కాగితాల్లో రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష, వినికిడి పరీక్ష చేసినట్టు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ మాట ముందే అడగండి. మెడ నిలవకపోయినా, ఒళ్లు బిగుసుకున్నట్టో మరీ వాలిపోయినట్టో ఉన్నా, ఎప్పుడూ ఒక చేతినే కదిలిస్తున్నా, నేర్చుకున్నది మానేసినా అస్సలు ఆలస్యం చెయ్యొద్దు. పిల్లల ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) పథకం కింద ఈ పరీక్షలు ఉచితం. ఎక్కడికి వెళ్లాలో మీ ఏఎన్ఎం చెబుతారు.

డాక్టరు దగ్గరికి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. పాలు చాలుతున్నాయో లేదో తెలిసేది బరువుని బట్టి, రోజుకి తడిపే గుడ్డలని బట్టి. బోర్లా పడటానికీ దానికీ సంబంధం లేదు. ఈ మాట మీరు చెబితే ఎదురు మాట్లాడినట్టవుతుంది, డాక్టరు చెబితే వింటారు. ఆవిడ కూడా మనవరాలి మీద బెంగతోనే అలా అంటున్నారని నాకనిపిస్తోంది. షిఫ్టు అయ్యాక పాపని దుప్పటి మీద ఆడించే పని మీవారికి అప్పజెప్పండి. మీకు భయం వేసినప్పుడు ధైర్యం చెప్పడం కన్నా ముందు పూర్తిగా వినమని ఆయన్ని అడగండి.

పాప కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ నిద్రే. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, అదే ఆలోచన తిరుగుతుండటం రెండు వారాలు దాటితే, అది కాన్పు తర్వాత వచ్చే ఆందోళనో డిప్రెషనో కావచ్చు. దానికి చికిత్స ఉంది, పాలిచ్చే తల్లులు వాడగలిగే మందులూ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. నేరుగా కలవాలంటే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈ రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి. పాపని చూపించే రోజున మీ నిద్ర సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.