లెక్కల పీరియడ్‌లో ప్రోగ్రామింగ్: గసాభాతో మొదలుపెట్టు

అమ్మాయికి బాబాయ్ ఆశీస్సులు.

లెక్కల పీరియడ్‌లోనే పిల్లలకు పైథాన్ (ప్రోగ్రాంలు రాసే ఒక భాష) చెబుదామనుకుంటున్నానని రాశావు. చెప్పమ్మా. అయితే కంప్యూటర్ భాగాల పేర్లు బట్టీ పట్టించడంతో మాత్రం మొదలుపెట్టకు. చేత్తో చేయడం బాగా అలవాటైన లెక్క తీసుకో. భాగహార పద్ధతిలో గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కోవడానికి మించింది నాకు కనబడదు.

మొదటి పీరియడ్‌లో కంప్యూటర్ ముట్టుకోవద్దు. బోర్డు మీద 252, 198 రాయి. 252ను 198తో భాగిస్తే శేషం 54. 198ని 54తో భాగిస్తే 36, 54ను 36తో భాగిస్తే 18, 36ను 18తో భాగిస్తే 0. గసాభా 18. ఇప్పుడు రెండే ప్రశ్నలు అడుగు: ప్రతిసారీ ఏం చేశాం? ఎప్పుడు ఆపాం? "శేషం కనుక్కుంటాం, భాజకం పైకెళ్లి భాజ్యం అవుతుంది, శేషం భాజకం అవుతుంది, సున్నా వస్తే ఆపేస్తాం" అని వాళ్ల నోటే రావాలి. నువ్వు అందించకు, కాస్త ఆలస్యమైనా సరే.

ఆ మాటలే ప్రోగ్రాం (ఇక్కడ % గుర్తు అంటే భాగిస్తే వచ్చే శేషం):

శేషం = భాజ్యం % భాజకం
భాజ్యం = భాజకం
భాజకం = శేషం

పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది. కానీ టైపింగ్‌కే పీరియడ్ అయిపోతుంది కాబట్టి కాగితం మీద తెలుగు పేర్లు, కీబోర్డు మీద ఏ, బీ, ఆర్ చాలు. భాజకం సున్నా కానంతవరకూ ఈ మూడు వరుసలూ తిరగాలి, దీన్నే లూప్ అంటారు. అందుకు పైన వైల్ (while, అంటే 'అయినంతవరకూ') వరుస, దాని చివర కోలన్, కింద మూడు వరుసలూ నాలుగేసి స్పేస్‌లు లోపలికి.

ఇక్కడ సగం మంది పిల్లలు శేషం వరుస ఎందుకని ఎగరగొడతారు. ముందు భాజ్యం = భాజకం, తర్వాత భాజకం = భాజ్యం % భాజకం అని రాస్తారు. మొదటి వరుసతో 252 చెరిగిపోయి రెండు చోట్లా 198 ఉంటుంది. 198ని 198తో భాగిస్తే శేషం సున్నా, లూప్ ఆగిపోతుంది, జవాబు 198 వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే ప్రమాదం. నువ్వు దిద్దకు. మూడు నిలువు వరుసల పట్టిక గీయించి, ఒక్కో వరుస నడిచాక ఎవరి విలువ ఎంతో నింపమను. 252 ఎక్కడ పోయిందో వాళ్లకే దొరుకుతుంది. బీజగణితంలో సమాన గుర్తు రెండు వైపులా ఒకటేనని చెబుతుంది, ఇక్కడ మాత్రం కుడివైపుది లెక్కకట్టి ఎడమవైపు పేరులో పెట్టమని. ఆ తేడా ఉపన్యాసం కంటే ఈ పట్టికతోనే బాగా ఎక్కుతుంది.

ఇంకోటి. "చివరి భాజకమే గసాభా" అని నేర్చుకున్న పిల్లలు భాజకాన్ని ప్రింట్ చేసి సున్నా చూస్తారు. లూప్ ఆగేసరికి 18 భాజ్యంలోకి వెళ్లిపోయి ఉంటుంది, ప్రింట్ చేయాల్సింది దాన్ని.

సంఖ్యలను ఇన్‌పుట్‌తో (కీబోర్డు నుంచి) తీసుకుంటే ఇంట్ (int) అనే ఆదేశంతో పూర్ణాంకంగా మార్చాలి. లేకపోతే అవి స్ట్రింగ్‌లుగానే (అక్షరాల వరుసలుగానే) ఉంటాయి, స్ట్రింగ్‌ల దగ్గర శాతం గుర్తుకు వేరే అర్థం ఉంది. అందుకే వచ్చే ఎర్రర్ స్ట్రింగ్ ఫార్మాటింగ్ అంటూ ఏదో చెబుతుంది, చదివితే పిల్లలు బెదిరిపోతారు. మొదటి రోజు సంఖ్యలను ప్రోగ్రాంలోనే రాసెయ్యడం నయం.

ల్యాబ్‌లో ఇంటర్నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు, పైథాన్‌తో వచ్చే ఐడిల్ (ప్రోగ్రాం రాసి నడిపే కిటికీ) చాలు. కంప్యూటర్‌కు ఇద్దరు కూర్చుని, ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరు పట్టిక నింపాలి. రన్ కొట్టే ముందు జవాబు ఊహించి కాగితం మీద రాయనిదే నొక్కనివ్వకు.

కింది తరగతులకైతే టర్టిల్ (తాబేలును నడిపి గీతలు గీయించే పైథాన్ భాగం) మంచిది. సమబాహు త్రిభుజం గీయమంటే తిప్పే కోణం 60 ఇస్తారు, మూడు భుజాలు గీసినా బొమ్మ మూసుకోదు. తాబేలు తిరిగేది బాహ్యకోణం, అంటే 120. ఫైలుకు మాత్రం టర్టిల్ అనే పేరు పెట్టనివ్వకు. పైథాన్ తన టర్టిల్‌కు బదులు ఆ ఫైలునే తెరుస్తుంది, ఆ రోజు పాఠం అక్కడే ఆగుతుంది.

త్వరగా ముగించినవాళ్లకు 198, 252 అని తిరగేసి ఇచ్చి ఏమవుతుందో చెప్పమను. మొదటి చుట్టులో శేషం 198, రెండు సంఖ్యలూ చోట్లు మార్చుకుంటాయి, ఒక చుట్టు ఎక్కువ పడుతుందంతే. పరీక్షలో టైపింగ్‌కు మార్కులు వద్దు. 1071, 462 ఇచ్చి పట్టిక నింపమను. శేషాలు 147, 21, 0 రావాలి.

బాబాయ్