మెట్రో వస్తే ఊళ్లో కార్లు తగ్గుతాయా?

మీ ఊరికి మెట్రో మంజూరైందని, దాంతో కార్లు తగ్గి గాలి బాగుపడుతుందా అని అడిగారు. పట్టాలు వేసినంత మాత్రాన తగ్గవు. రైలు దిగిన మనిషి ఇంటికి ఎలా చేరుతాడన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాన్నగారి మోకాలు.

మా బాల్కనీలో నిలబడితే స్టేషన్ కనిపిస్తుంది. సూటిగా కొలిస్తే 300 మీటర్లు కూడా ఉండదు. లైను ప్రారంభమైన నెలలోనే నాన్నగారిని రైల్లో ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొద్దున తమ్ముడు కారులో స్టేషన్ దగ్గర దింపాడు కాబట్టి ఏ ఇబ్బందీ తెలియలేదు. తిరుగు ప్రయాణమూ 12 నిమిషాల్లో హాయిగా ముగిసింది. బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. ఎదురుగా మా నివాస సముదాయం ప్రహరీ, అందులో ఒక చిన్న గేటు, దానికి తాళం. భద్రత కోసం నివాసుల సంఘమే వేయించిందని కాపలాదారు చెప్పాడు. ఇక గోడ వెంబడి పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

కాలిబాట కొంతదూరం పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత వరుసగా మోటారు సైకిళ్లు. రోడ్డు మీదికి దిగితే బస్సులు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. నాన్నగారు నా భుజం పట్టుకుని నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచారు. మేము తడుస్తూ నిలబడి ఉండగా తలపైన మూడు రైళ్లు వెళ్లాయి. ఇల్లు చేరడానికి 40 నిమిషాలు పట్టింది. తల తుడుచుకుంటూ ఆయన అన్న మాట ఒక్కటే: "ఇకనుంచి కారులోనే వెళదాం, అమ్మా." ఒక ప్రయాణికుణ్ణి రైలు పోగొట్టుకుంది ఆ గేటు దగ్గరే.

ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద తేలికగా దొర్లుతుంది కాబట్టి రైలుకు శక్తి తక్కువ పడుతుందన్నది నిజమే. కానీ ఆ లెక్క నిండుగా నడిచే రైలుకే చెల్లుతుంది. స్తంభాలకూ వంతెనలకూ వాడిన సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడిన కర్బనం మొదటి టికెట్టు తెగకముందే గాలిలో కలిసిపోయింది. ఖాళీ పెట్టెలు ఆ బాకీ ఎప్పటికీ తీర్చలేవు.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ 1947లోనే అరచేతి వేళ్లలా సాగే రైలు మార్గాల వెంట ఊరు పెరగాలని, వేళ్ల మధ్య పొలాలూ తోటలూ మిగలాలని ప్రణాళిక వేసుకుంది. పెద్ద కార్యాలయాలు స్టేషన్‌కు 600 మీటర్ల లోపే రావాలన్న నియమం కూడా అక్కడ తెచ్చారు. అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో పట్టాలను రహదారి మధ్య ఖాళీలో వేయాలన్న చవకైన ఆలోచనను అక్కడి స్థానిక పాలకులు ఒప్పుకోలేదు. అదనపు ఖర్చు భరించి పాత దుకాణాల వీధి కిందుగా వేయించుకున్నారు. అక్కడి స్టేషన్లు 1979లో పూర్తయ్యాయి. వాటి పక్కన ఎత్తైన భవనాలు లేచాయి, కాస్త లోపలికి వెళితే పాత ఇళ్ల పేటలు అలాగే ఉన్నాయి. రహదారి మధ్యలో స్టేషన్ కట్టడమంత పొరపాటు ఇంకొకటి లేదని నా నమ్మకం. చుట్టూ ఇళ్లు ఉండాల్సిన చోట వాహనాల హోరు తప్ప ఇంకేమీ ఉండదు.

స్టేషన్‌ను ఆనుకుని ఎకరాలకొద్దీ పార్కింగ్ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. స్టేషన్ నుంచి ఐదు నిమిషాల్లో నడిచి చేరగలిగే నేల కంటే విలువైనది ఊళ్లో దొరకదు. అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఖాళీ కార్లు ఎండుతుంటాయి. ఆ చోట అద్దె ఇళ్లు కట్టవచ్చు, బడి పెట్టవచ్చు. అద్దెలు పెరిగి స్టేషన్ పక్కనుంచి దూరంగా వెళ్లిపోతున్నవాళ్లే రోజూ రైలెక్కేవాళ్లు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. అందరూ ఎన్ని కిలోమీటర్ల లైను వేశారనే లెక్కపెడతారు.

14 నెలలు అర్జీలు పెట్టాక మా గేటు తాళం తీశారు. ఇప్పుడు నాన్నగారు చేతికర్ర పట్టుకుని 7 నిమిషాల్లో స్టేషన్‌కు చేరుతున్నారు. కాలిబాట మాత్రం ఇంకా ఆ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతోంది. మీ లైను ఇంకా కాగితం మీదే ఉందన్నారు కాబట్టి, స్టేషన్ ద్వారాలు ఎటు తెరుచుకుంటాయో, వాటి ముందు ఎవరి గోడ ఉందో ఈ వారంలోనే వెళ్లి అడగండి.