ఎన్‌ఎండీసీ ఫలితాలకు ముందే కొనాలా?

డివిడెండ్ కోసం ప్రభుత్వ ఇనుప ఖనిజ కంపెనీ ఎన్‌ఎండీసీ షేర్లు వార్షిక ఫలితాలకు ముందే కొనెయ్యాలా అన్నావు కదా తమ్ముడూ, అంత తొందరేం లేదు. ఫైనల్ డివిడెండ్ ఎవరికి దక్కేదీ తేల్చేది ఆ తర్వాత వచ్చే రికార్డు తేదీ, అంటే వాటాదారులెవరో కంపెనీ జాబితా చూసుకునే రోజు. దానికి ముందు ట్రేడింగ్ రోజు కొన్నా చాలు. ఎక్స్ డేట్ నాడు, అంటే కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాని మొదటి రోజున, ధర కూడా దాదాపు డివిడెండ్ మేరకు తగ్గుతుందనుకో.

బైలాడిలా, దోణిమలై గనుల్లో ఎంత తవ్వారో, ఎంత అమ్మారో కంపెనీ నెలనెలా ఎక్స్ఛేంజీకి చెప్పేస్తుంది. ఖనిజం ధర మార్చినా అంతే. మడివాళ మెస్‌లో ఇడ్లీ వచ్చేలోపు పన్నెండు నెలలవీ ఫోన్‌లోనే కూడేశాను. ఇక ఫలితాల్లో ముఖ్యంగా తెలియాల్సింది ఖర్చులే.

అన్నట్టు, 2024 డిసెంబరులో ఒక షేరుకు 2 బోనస్ షేర్లు ఇచ్చారు, అంటే ఒకటి మూడై ధర దాదాపు మూడో వంతుకు సర్దుకుంది. పాత 200 రూపాయల ధర తలుచుకుని చవగ్గా ఉందని ఎగబడకు.