బాగుచేస్తే హోదా ఎందుకు పోయింది?

ప్రశ్న: జార్జియా దేశంలోని కుతాయిసి నగరంలో కొండమీద ఉన్న బగ్రాతి కేథడ్రల్‌ను శిథిలాల నుంచి తిరిగి నిలబెట్టిన తరువాత దానికి ప్రపంచ వారసత్వ హోదా పోయిందని చదివాను. పాడుబడి ఉన్నప్పుడు దక్కిన గౌరవం బాగుచేశాక ఎందుకు దక్కలేదు?

జవాబు: మీరు చదివినది నిజమే. రియోని నది ఒడ్డున ఉకిమెరియోని కొండపై ఈ చర్చిని కట్టించినవాడు, విడివిడిగా ఉన్న జార్జియా రాజ్యాలను ఒక్కటి చేసిన మూడవ బగ్రాత్ రాజు. దీనికి నేల పరచినది 1003లో అని అక్కడి శాసనమే చెబుతోంది. 1692లో ఒట్టోమన్ సేనలు దీనిని పేల్చివేయగా గుమ్మటమూ పైకప్పూ కూలిపోయి, మొండిగోడలు, చెక్కడపు రాళ్లు మిగిలాయి. 1994లో యునెస్కో సమీపంలోని గెలాతి మఠంతో కలిపి దీనిని జాబితాలో చేర్చినప్పుడు గుర్తించినది ఆ శిథిలాన్నే. మీ సందేహానికి సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది.

జీర్ణోద్ధరణ అనే మన మాట, ఉన్నదానిని కాపాడటాన్నీ లేనిదానిని మళ్లీ కట్టడాన్నీ ఒకే గాటన కట్టేస్తుంది. సంరక్షణ నిపుణులు మాత్రం ఈ రెంటినీ వేరుగా చూస్తారు. వారు ప్రమాణంగా భావించే 1964 నాటి వెనిస్ చార్టర్ ప్రకారం, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొందికగా ఉంటూనే కొత్తదని తెలియాలి. బగ్రాతిలో కొంత భాగాన్ని ఉక్కు, గాజులతో ఆధునికంగా కట్టి రెండవ నియమాన్ని కొంత పాటించారు కాని, మూడు శతాబ్దాలుగా లేని గుమ్మటాన్ని తిరిగి లేపడం మొదటి నియమానికి సరిపడలేదు. 2010లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చినా పని ఆగలేదు, 2012లో ముగిసింది. 2017లో గెలాతిని మాత్రమే ఉంచి బగ్రాతిని వారసత్వ జాబితా నుంచి తప్పించారు.

నిపుణుల తర్కాన్ని నేను అంగీకరిస్తాను. అయినా, ప్రార్థన చేసుకునేవారికి కప్పులేని చర్చి చారిత్రక సాక్ష్యంగా కాక గాయంగా కనిపించడంలో వింతలేదు. ఇప్పుడు అక్కడ ఆరాధన జరుగుతోంది; గోడల్లో పాత రాయి ఎక్కడ ఆగి కొత్త రాయి ఎక్కడ మొదలైందో రంగులోని తేడాయే చూపిస్తోంది.