‘67 ఆసియా’ వ్యాసానికి తిరుగుటపా

బరంపురం

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

67 ఆసియా అనే గ్రహశకలం (సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి ముక్క) మీద పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. “1861 ఏప్రిల్ 17న మద్రాసులో పాగ్సన్ 67 ఆసియాను కనుగొన్నాడు” అని ఒక్క ముక్కలో తేల్చేసి, రెండు పేజీలు అది భూమిని ఢీకొంటే ఏమవుతుందో రాశావు. ఆ రెండు పేజీలూ కొట్టెయ్. ఆసియా తిరిగేది కుజుడికీ గురుడికీ మధ్య పట్టీలో, మన దారికి రాదు. “ఉల్క” అన్న మాటా తీసెయ్, అది మన గాలిలోకొచ్చి మండేదాన్ని అనే మాట.

సరుకంతా ఆ “కనుగొన్నాడు”లోనే ఉంది. ఫొటోలతో గ్రహశకలాల్ని పట్టడం 1891లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త మాక్స్ వోల్ఫ్ మొదలుపెట్టాడు. మద్రాసు వేధశాలలో పనిచేసిన పాగ్సన్‌కి కన్నూ, నక్షత్రాల పటమే దిక్కు. దూరదర్శినిలో గ్రహశకలమూ నక్షత్రంలాగే ఉత్త చుక్క. పట్టిచ్చేది కదలికే. ఆకాశంలో ఒక ముక్క ఎంచుకుని చుక్కలన్నీ పటంలో ఎక్కించాలి, మర్నాడు మళ్లీ పోల్చాలి. సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న రోజుల్లో ఈ పట్టీలోవి రోజుకి సుమారు పావు డిగ్రీ, అంటే చందమామ వెడల్పులో సగం, జరుగుతాయి. పంచాంగంలో వక్రం అంటామే, గ్రహం వెనక్కి నడిచినట్టు కనబడడం, అది మొదలయ్యేచోటా వదిలేచోటా మాత్రం దాదాపు ఆగిపోతాయి. అప్పుడు చూస్తే నక్షత్రమేలే అని వదిలేస్తాం. పటంలో ఒక చుక్క ఎక్కించడం మరిచినా తిప్పలే, పాత నక్షత్రం కొత్త గ్రహమై కూర్చుంటుంది.

పేరు ఖండానిది అన్నావు. సగమే నిజం. గ్రీకు పురాణాల్లో ఆసియా ఒక దేవత. ఈ ఖండం నుంచి దొరికిన తొలి గ్రహశకలం కాబట్టి పేరు రెండు వైపులా అతికింది.

గుర్తూ పేరూ పెట్టే ఇప్పటి పద్ధతికి తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త రాజమోహన్ 1988 ఫిబ్రవరి 17న పట్టిన గ్రహశకలాన్ని తీసుకో. ముందు దాని గుర్తు 1988 డీక్యూ1. ‘డీ’ అంటే ఫిబ్రవరి రెండో సగం. తర్వాతి అక్షరం వరస. ‘ఐ’ వదిలేస్తారు కాబట్టి చుట్టుకి 25. ‘క్యూ’ పదహారోది, పక్కన 1 అంటే ఒక చుట్టు అయిపోయింది: ఆ సగం నెలలో దొరికినవాటిలో మొత్తం 41వది. కక్ష్య గట్టిగా తేలాకే 4130 అన్న సంఖ్య, ఆ తర్వాతే రామానుజన్ పేరు. పేరు 16 అక్షరాలు దాటకూడదు, రాజకీయ నాయకులైతే పోయి నూరేళ్లు గడవాలి. (మన ఫ్లెక్సీల వాళ్లకి ఈ రూలు ఎవరైనా చెప్తే బాగుణ్ణు.)

ఇంకొకటి. “ఎక్కడో మద్రాసులో” అని రాశావు. 1936 దాకా మీ పర్లాకిమిడీ మా బరంపురమూ ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. “ఎక్కడో” తీసెయ్.

తిరగరాసిన ప్రతి వరస విడిచి వరస రాసి పంపు, దిద్దడానికి చోటుండాలి.