బానెట్ మీద బత్తాయి తొక్క

ప్రశ్న: అన్నా, నా పాత కారు బానెట్‌కి, ఒక డోర్‌కి షెడ్డులో మెటాలిక్ రంగు వేయించాను. కలర్ బాగానే కలిసింది గానీ దగ్గరగా చూస్తే బత్తాయి తొక్కలా గరుగ్గా ఉంది, దుమ్ము రవ్వలు కూడా పడ్డాయి. వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది బఫింగ్ కొడితే (మెషిన్‌తో మెరుగు పెడితే) పోతుందని పెయింటర్ అంటున్నాడు. ఉన్న రంగు కూడా పోతుందేమోనని టెన్షన్. నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ పెయింటర్ చెప్పింది నిజమే తమ్ముడూ. ఆ గరుకు రంగులో లేదు, దాని మీద కొట్టిన క్లియర్ కోట్‌లో, అంటే రంగులేని పై పొరలో ఉంది. గన్‌లోంచి పడిన తుంపరలు పరుచుకోకముందే బిగుసుకుంటే ఇలా అవుతుంది, మన నల్గొండ ఎండలకు థిన్నర్ తొందరగా ఎగిరిపోతుంది కాబట్టి ఇక్కడ ఇంకా ఎక్కువ. పేపర్‌తో ఆ మిట్టలను కోసి పల్లాలతో సమం చేస్తాం, అంతే. కంపెనీ క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్లకు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మించదు, అందులో సగం కూడా తీయడానికి లేదు. అందుకే మీ బండికి ఎన్ని కోట్లు కొట్టారో, హార్డెనర్ (పొర గట్టిపడటానికి కలిపేది) కలిపిన క్లియరేనా, ఎప్పుడు కొట్టారో ముందు అడగండి. ఒకటే పల్చటి కోటు అంటే మాత్రం పేపర్ ముట్టుకోకండి.

రెండు మూడు కోట్లుంటే భయం లేదు. బండి నీడలో ఉండాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. 2000 నంబర్ పేపర్‌ని చుక్క షాంపూ వేసిన నీళ్లలో కాసేపు నానబెట్టి, రబ్బర్ బ్లాక్‌కి చుట్టి తేలిగ్గా రుద్దండి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్లు నొక్కిన చోటల్లా గాడి పడుతుంది. అంచులకు, బాడీ లైన్లకు టేపు వేసి వదిలేయండి, రంగు ముందు లేచేది అక్కడే. పేపర్ కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా పెద్ద గీత పడుతుంది, అది తీయాలంటే ఇంకా లోతుకు పోవాలి, కాబట్టి పేపర్‌నీ బానెట్‌నీ మాటిమాటికీ కడుగుతూ ఉండండి.

నాలుగు రుద్దులకోసారి నీళ్లు తుడిచి చూడండి. మసకబారిన చోట మిట్ట తెగినట్టు, ఇంకా మెరిసే చుక్కలు పల్లాలు. ఆ చివరి చుక్కలు కూడా పోవాలని పట్టుబట్టే చోటే చాలామంది రంగు దాకా పోతారు. నా మాట వినండి, కొన్ని వదిలేయండి, బఫింగ్ అయ్యాక ఎవరికీ కనబడవు. కారే నీళ్లు తెల్లగా ఉన్నంతసేపు మీరు క్లియర్‌లోనే ఉన్నారు, బండి రంగు కనిపించిందో ఆపేయాల్సిందే. క్లియర్ లేని పాత సాలిడ్ పెయింట్ బండ్లకు ఈ గుర్తు పనిచేయదు, వాటికి మొదటినుంచీ రంగే దిగుతుంది.

తర్వాత ఇంకా సన్నని 3000 పేపర్. ఇక్కడ ఓపిక పడితే బఫింగ్‌లో సగం పని తప్పుతుంది. కొత్తవాళ్లు గుండ్రంగా తిరిగే రోటరీ మెషిన్ జోలికి పోవద్దు, ఒక్కచోట నిలిపితే వేడికి క్లియర్ కాలుతుంది. తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ నిదానం, కానీ క్షమిస్తుంది. ముందు పేపర్ గీతలు తీసే కటింగ్ కాంపౌండ్ పేస్ట్, తర్వాత మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో పాలిష్. స్క్రాప్ షాపులో పాత డోర్ ఒకటి తెచ్చి దాని మీద చేయి తిప్పాకే బానెట్ ముట్టుకోండి. కొత్త పెయింట్‌కి ఒక నెల దాకా వ్యాక్స్ వద్దు.

ప్రశ్న: బోరు నీళ్లతో కడిగి కడిగి మా నల్ల కారంతా తెల్ల మచ్చలు. దీనికీ వాటర్ పేపరేనా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: వద్దమ్మా. అవి నీళ్లు ఆరిపోయాక మిగిలిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, ఒకట్రెండు నిమిషాలకే బాగా కడిగేయండి. అప్పటికీ మచ్చ నీడ కనిపిస్తే పాలిష్ పెట్టించండి, దానికీ లొంగకపోతేనే పేపర్ సంగతి. ఇకమీదట పొద్దున్నే ఎండ రాకముందు కడిగి, నీళ్లు ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి.