తిరిగొచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కేయండి

ప్రశ్న: సార్, నాకు 33 ఏళ్ళు. ఒంటరిగా ఉంటున్నాను. ప్రస్తుతానికి నా సంపాదన మీద ఆధారపడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఉద్యోగం మానేసి ఒక ఏడాది పాటు, టూర్ ప్యాకేజీల జోలికి పోకుండా, తక్కువ ఖర్చులో సొంతంగా ప్రపంచం చుట్టి రావాలని కోరిక. 22 దేశాల జాబితా కూడా రాసుకున్నాను. నా నెల ఖర్చుకి 30 రెట్లు పొదుపు ఉంది. అందులో మూడో వంతు పదవీ విరమణ నిధిలో, మూడో వంతు ఈక్విటీ ఫండ్లలో, మిగతాది డిపాజిట్లలో ఉంది. వాహన రుణం ఇంకో మూడు నెలల ఖర్చంత కట్టాలి. ఇప్పుడు ప్రతి నెలా సగం నెల ఖర్చంత దాచగలుగుతున్నాను. పాస్‌పోర్ట్‌కి 20 నెలల గడువుంది. ఈ డబ్బు సరిపోతుందా? చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. లోన్ వద్దు. అప్పు చేసి పప్పుకూడు తినేవాళ్ళకి కనీసం జీతమన్నా వస్తూ ఉంటుంది. మీరు జీతం ఆపేసిన రోజునే వాయిదాలు మొదలుపెడతానంటున్నారు.

ఇక డబ్బు సరిపోతుందా అంటే, మీరు అనుకున్నట్టు ఏడాదిలో 22 దేశాలకైతే సరిపోదు. అలాగని వెళ్ళొద్దని మాత్రం అనను. అనే అర్హత నాకు లేదు. 29 ఏళ్ళ వయసులో నేనూ ఇదే పని చేశాను.

తొమ్మిది నెలలు తిరిగాను. వీపున ఒక బ్యాగు, జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న నోటుబుక్కు. రోజూ పడుకునే ముందు ఆనాటి ఖర్చంతా అందులో రాసేవాణ్ణి: బస్సు, మంచం, తిండి, నీళ్ళ సీసా. డబ్బు దగ్గర నేను పిసినారినే, ఎక్కడా దుబారా చేయలేదు. అయినా ఇంటికొచ్చిన రోజున ఖాతాలో 11 రోజులకి సరిపడా మాత్రమే మిగిలింది. తిరుగు టికెట్ దాకా లెక్క వేసుకున్నాను గానీ, ఆ మర్నాడు పొద్దున లేచి ఎలా బతకాలో వేసుకోలేదు. అద్దె ఇంటికి అడ్వాన్స్ కావాలి. ఇంటర్వ్యూకి వేసుకెళ్ళడానికి ఒక్క మంచి చొక్కా లేదు. మా బావగారి దగ్గర చేబదులు తీసుకున్నాను. ఆయన ఒక్క మాటా అనలేదు, ఏమైనా అని ఉంటే బాగుండేది.

మూడో వారంలో వచ్చిన మొదటి ఉద్యోగంలో చేరిపోయాను, పాత జీతం కన్నా దాదాపు మూడో వంతు తక్కువకి. బేరమాడటం చేతకాక కాదు, ఆగే వ్యవధి లేక. మళ్ళీ పాత జీతం దగ్గరికి రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో నేను వదులుకున్న జీతం కూడితే, తొమ్మిది నెలల ప్రయాణానికైన మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ తేలింది. నోటుబుక్కులో రాయని ఖర్చు అదొక్కటే.

అందుకే ఇలాంటి ప్రశ్నతో ఎవరొచ్చినా నేను లెక్క చివర్నుంచి మొదలుపెడతాను.

మీ నెల ఖర్చునే కొలతగా పెట్టుకుందాం. మీ దగ్గర 30 నెలలున్నాయి. పదవీ విరమణ నిధిలోని 10 నెలలు లేవనుకోండి. ఈ వయసులో అందులో చెయ్యి పెడితే పోయేది ఆ పదే కాదు, దాని మీద పాతికేళ్ళకి పైగా పెరగాల్సిన చక్రవడ్డీ కూడా. వాహన రుణం తాలూకు 3 నెలలు బయల్దేరే ముందే తీర్చేయండి. బండి అమ్మి తీరిస్తే ఇంకా మేలు, ఏడాది కదలని బండికి వాయిదా, బీమా, చచ్చిపోయే బ్యాటరీ, అన్నీ దండగే. తిరిగొచ్చాక బతకడానికి 6 నెలలు. ఉన్నపళంగా ఇంటికి రావాల్సి వస్తే టికెట్‌కీ ఆ హడావుడికీ 1 నెల. ఇవన్నీ పోగా మిగిలేవి 10.

ఆ పదిలోంచి విమానాలు, వీసాలు, టీకాలు, బీమా, బ్యాగు, బూట్లు కలిపి 3 నెలలు పోతాయనుకోండి. రోజువారీ ఖర్చుకి చేతిలో ఉండేవి 7 నెలలు. వీటితో మీ 22 దేశాల జాబితా పట్టుకుని పరుగెత్తితే నాలుగైదు నెలలకే జేబు ఖాళీ. ఆరేడు దేశాల్లో నిదానంగా తిరిగితే ఏడు నెలలు వస్తాయి, అదీ చవక దేశాలకి ఎక్కువ రోజులు ఇస్తేనే. లేదు, ఏడాదంతా తిరగాల్సిందే అంటే ఇంకో పది నెలలు ఉద్యోగం చేయండి. ఇప్పుడు దాస్తున్న లెక్కనే 5 నెలలు చేరి 12 అవుతాయి.

తిరిగొచ్చాక బతకడానికి పక్కన పెట్టిన ఆ 6 నెలల డబ్బు మాత్రం వేరే ఖాతాలో, వేరే డిపాజిట్‌గా ఉండాలి. మీ దగ్గరుండే కార్డుకీ దానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. ఎనిమిదో నెలలో ఎక్కడో ఒక సముద్రపు ఒడ్డున కూర్చుని ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకున్నప్పుడు 'ఇంకా చాలా ఉందిలే' అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

ఇక నిదానం సంగతి. చవక ప్రయాణం అనగానే చాలామంది చవక గది, చవక తిండి అనుకుంటారు. నా నోటుబుక్కు మరో కథ చెప్పింది. మూడు రాత్రుల కన్నా తక్కువ ఆగిన ఊళ్ళలో రోజు ఖర్చు, రెండు వారాలు దాటి ఉన్న ఊళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కొత్త ఊళ్ళో దిగిన రోజు మనం గుడ్డివాళ్ళం. సిటీ బస్సు నంబరు తెలియక ట్యాక్సీ ఎక్కుతాం, స్టేషన్ ఎదురుగా ఏది కనిపిస్తే అది తింటాం, గది అద్దెలో వారం డిస్కౌంట్ దొరకదు. పైగా రెండ్రోజులకోసారి ఊరు మారితే ఆ దారి ఖర్చు ఒకటి. జార్జియా రాజధాని త్బిలిసిలో నేనున్న డార్మిటరీ వంటగదిలో ఒక అర ఉండేది. ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు మిగిలిన బియ్యం, నూనె, ఉప్పు, సగం వాడిన టీ పొడి అక్కడ పెట్టి పోయేవారు, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. దాన్ని నేను నాలుగో రోజున గమనించాను. అంతకుముందు మూడు రోజులూ పక్కనే నిలబడి గ్లాసు కడుక్కున్నాను మరి.

దూరం అంత ఖరీదు కాదు, తొందరే ఖరీదు. వియత్నాంలో హనోయ్ నుంచి హోచిమిన్ సిటీకి రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. దాన్ని మూడు వారాల్లో ముక్కలు ముక్కలుగా, రాత్రిపూట బెర్తుల్లో దాటాను. ఆ టికెట్టే ఆ రాత్రికి గది అద్దె. కాకపోతే దీన్నీ అతి చేయకండి. వరసగా మూడు రాత్రులు రైల్లో పడుకుంటే, నాలుగో రోజు ఒళ్ళు హూనమై ఖరీదైన హోటల్లో దిగుతాం, ఆదా అయినదంతా అక్కడ కక్కేస్తాం.

విమానయాన కూటములు అమ్మే 'రౌండ్ ది వరల్డ్' టికెట్ గురించి మీరు అడగలేదు గానీ, త్వరలో కంటపడుతుంది. మామూలుగా ఏడాది చెల్లుతుంది. తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగాలి, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి, ఎక్కే విమానాల సంఖ్యకి పరిమితి ఉంటుంది. నాలుగైదు ఖండాలు తప్పనిసరి అనుకునేవాళ్ళకి పనికొస్తుంది. బస్సుల్లో, రైళ్ళలో తిరుగుతూ మనసు మార్చుకునేవాళ్ళకి విడివిడి టికెట్లే నయం.

వీసాల దగ్గర చాలామంది ప్లాన్ తిరగబడుతుంది. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. కొద్దికాలం పర్యటనకి వెళ్ళినవాళ్ళు అన్నిటిలో కలిపి, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు. దేశం మారితే లెక్క మళ్ళీ మొదలవదు. వీసా కావలసినవాళ్ళు ప్రయాణానికి ఆరు నెలల కన్నా ముందు దరఖాస్తు పెట్టలేరు, పైగా సాధారణంగా తాము నివాసముంటున్న దేశంలోనే పెట్టాలి. అంటే యూరప్‌ని పదో నెలలో పెట్టుకుంటే, దారి మధ్యలో వీసా కోసం ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళాలి. నా దగ్గరికి వచ్చే ప్లాన్లలో సగానికి సగం యూరప్‌ని ఆఖర్న పెట్టుకునే ఉంటాయి. మీకు ఆ వీసా అవసరమైతే యూరప్‌ని మొదటికి జరపండి. పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా సర్టిఫికెట్ అడిగే దేశాలు జాబితాలో ఉంటే అది కూడా ముందే చూసుకోవాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే మళ్ళీ అక్కర్లేదు, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు.

బేరానికి లొంగని ఖర్చులు కొన్ని ఉంటాయి. ఈక్వడార్‌లోని గాలపాగోస్ దీవుల ప్రవేశ రుసుము 2024 ఆగస్టులో చాలామంది విదేశీ పర్యాటకులకి 100 డాలర్ల నుంచి 200 డాలర్లైంది. మీరు డార్మిటరీలో పడుకున్నా, రిసార్ట్‌లో దిగినా అంతే. ఇలాంటివి జాబితాలో ఎన్నున్నాయో గుర్తుపెట్టి విడిగా కూడండి. నాలుగైదు ఉంటే చాలు, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

డబ్బు తీసుకునే పద్ధతి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నా చెయ్యి కాలింది అక్కడే. ఒక విమానాశ్రయంలో అర్ధరాత్రి ఏటీఎం ముందు నిలబడ్డాను. తెర మీద రెండు మీటలు: స్థానిక కరెన్సీలో లెక్క కట్టమంటారా, మీ సొంత కరెన్సీలోనా? తెలిసిన కరెన్సీ కదా అని సొంతది నొక్కాను. మర్నాడు లెక్క చూస్తే ఆ ఒక్క నొక్కుడుకి దాదాపు ఆరు శాతం పోయింది. మారకపు రేటుని మన బ్యాంకుకి వదలకుండా ఆ ఏటీఎం వాళ్ళే వేసేస్తారు, తేడా వాళ్ళ జేబులోకి. ఏటీఎంలోనైనా, దుకాణంలోనైనా, హోటల్ బిల్లుకైనా ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. వెళ్ళేముందు మీ కార్డు మీద విదేశీ మారకపు రుసుము ఎంతో అడగండి, చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. అది లేని కార్డులూ దొరుకుతాయి.

మరో దెబ్బ ఇంకా చిన్నది, ఇంకా చేటు. నా రెండు కార్డులూ ఒకే బ్యాంకువి. ఓ శనివారం అనుమానం వచ్చి రెంటినీ ఆపేశారు. తెరిపించాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్ళేది ఇంటి నంబరుకి. రీచార్జ్ చేయక ఆ సిమ్ చచ్చి పది రోజులైంది. సోమవారం దాకా డార్మిటరీ యజమాని అప్పు పెట్టాడు. కాబట్టి రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వేర్వేరు సంచుల్లో. ఇంటి సిమ్‌కి ఏడాది రీచార్జ్ ముందే. కొన్ని డాలర్ నోట్లు, మడత, మరక లేనివి, ఎందుకంటే చాలాచోట్ల చిరిగినవీ గీతలున్నవీ తీసుకోరు.

బీమాలో పొదుపు చేయకండి. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ అడుగుతారు, కానీ అది వీసా కోసం పెట్టిన అంకె, మీ కాలి ఎముక కోసం కాదు. పాలసీలో ఏం కవర్ చేస్తారన్నది పక్కన పెట్టి, ఏం చేయరో ఆ పేజీ చదవండి. లైసెన్స్ లేకుండా నడిపిన మోటార్‌సైకిల్, ముందునుంచీ ఉన్న జబ్బు, ఎత్తైన చోట్ల ట్రెక్కింగ్ సాధారణంగా అక్కడ దొరుకుతాయి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, మామూలు పాలసీలు చాలావరకు అంత ఎత్తుకి వర్తించవు. అత్యవసరంగా ఇంటికి తరలించే ఖర్చు ఉందో లేదో కూడా అడగండి.

పని చేసి ఉచితంగా ఉండే పద్ధతి మంచిదే. సేంద్రియ పొలాల్లో పనికి బదులుగా భోజనం, బస ఇచ్చే వూఫ్ 1971లో ఇంగ్లండ్‌లో మొదలై ఎన్నో దేశాలకి పాకింది. అయితే టూరిస్ట్ వీసా మీద జీతం లేని పనిని కూడా ఉద్యోగంగానే చూసే దేశాలున్నాయి. ఎక్కడికక్కడ నిబంధన చూసుకోండి. బడ్జెట్‌లో దీన్ని ఆదాయంగా మాత్రం రాసుకోకండి, దొరికితే సంతోషం.

ఈక్విటీ ఫండ్లలో ఉన్న 10 నెలల గురించి. ప్రయాణానికి వాడేది ఏదైనా సరే, బయల్దేరే ముందే డిపాజిట్‌లోకి వచ్చేయాలి. 2020 మార్చిలో మార్కెట్లు కూలినదీ, సరిహద్దులు మూతపడినదీ ఒకే నెలలో. దొరికిన టికెట్ ఎంతైనా పెట్టి కొనాల్సిన రోజున ఫండ్లు పాతాళంలో ఉన్నాయి. మీరు పది నెలలు ఆగేటట్టయితే ప్రతి నెలా కొంచెం కొంచెంగా మార్చుకుంటూ రండి, ఒకేసారి అమ్మి టెన్షన్ పడనక్కర్లేదు.

రాజీనామా రాసేముందు జీతం లేని సెలవు అడిగి చూడండి. నేను అడగనే లేదు, ఇవ్వరని నేనే తీర్మానించుకున్నాను. ఆరు నెలలే ఇస్తామంటే ఆరు నెలలకే ప్లాన్ మార్చుకోవచ్చు. పైన చెప్పిన 6 నెలల నిధిలో సగం అప్పుడు ప్రయాణానికి కదపడానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే దిగిన నెలకే జీతం వస్తుంది. ఆ మాట కాగితం మీద ఉంటేనే సుమా.

ఇక పాస్‌పోర్ట్. 20 నెలలుంది అని ధీమాగా రాశారు. పది నెలలు ఆగి బయల్దేరితే మిగిలేది పదే. చాలా దేశాలు మీరు అడుగుపెట్టే నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఆ లెక్కన నాలుగో నెల దాటేసరికే ఇబ్బంది మొదలవుతుంది. వీసాలన్నీ పాత పుస్తకంలో పడకముందే రెన్యూ చేయించుకోండి, పేజీలు ఎక్కువున్న పుస్తకం ఇస్తారేమో కూడా అడగండి.